తూము కింద నీరు, రెక్క మీద గాలి

శంషాబాద్ నుంచి బెంగళూరు విమానాశ్రయానికి మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే, ఆ గీత నాగర్‌కర్నూలు పక్కగా వచ్చి, వనపర్తి జిల్లా వైపు కృష్ణను దాటి రాయలసీమలోకి పోతుంది. ఆ దారిలో పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరే జెట్ విమానం ధ్వని వేగంలో ముప్పావు వంతుకు పైగా, ఒక్కోసారి ఎనభై శాతం దాకా వేగం అందుకుంటుంది. ప్రయాణికుల విమానం ధ్వనిని దాటదు. దాని రెక్క పైభాగాన కొంత మేర గాలి మాత్రం దాటేస్తుంది. ఒకే రెక్క మీద, ఒకటి రెండు అడుగుల తేడాలో, ధ్వని కంటే నెమ్మదైన గాలీ ధ్వనిని మించిన గాలీ పక్కపక్కనే పారుతుంటాయి. దీన్నే ట్రాన్సోనిక్ ప్రవాహం అంటారు. మామూలు రెక్క చుట్టూ ఈ ప్రవాహాన్ని, అందులో పుట్టే షాక్‌తో సహా, నమ్మకంగా లెక్కకట్టే దారి 1970 దాకా దొరకలేదు. అప్పటికి కంప్యూటర్లు వచ్చి పాతికేళ్లయింది. రాకెట్లు చంద్రుడి మీదకు వెళ్లొచ్చాయి. మనం రోజూ ఎక్కే విమానం రెక్క లెక్క మాత్రం తెగలేదు.

గాలి ధ్వనిని ఎలా దాటుతుందో ముందు చూద్దాం. నేల దగ్గర ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున చలి మైనస్ 56 డిగ్రీలు ఉంటుంది కనుక అక్కడ అది 295 మీటర్లకు తగ్గుతుంది. విమానం వేగాన్ని ఆ చోటి ధ్వని వేగంతో భాగిస్తే వచ్చేది మాక్ సంఖ్య. విమానం 0.8 మాక్‌తో పోతోందనుకుందాం. రెక్క పైభాగం ఉబ్బుగా ఉంటుంది, దాని మీదుగా పోయే గాలి వేగం పుంజుకుంటుంది. ధ్వనిని అందుకోవడానికి పాతిక శాతం పెరగాలి కదా అనిపిస్తుంది. నిజానికి 21 శాతం చాలు. వేగం పెరిగే గాలి చల్లబడుతుంది, చల్లబడిన గాలిలో ధ్వని ఇంకా నెమ్మదిస్తుంది. అంటే గాలి ధ్వనిని తరుముతుంటే ధ్వని కూడా వెనక్కి తగ్గుతూ వస్తుంది. రెక్కలు సన్నగా లేకపోతే ఈ 21 శాతం పెద్ద కష్టం కాదు.

అలా రెక్క మీద ధ్వనిని మించిన గాలి ఒక బుడగలా ఏర్పడుతుంది. చిక్కంతా అది ముగిసే చోటే. వెనక అంచు దగ్గర గాలి మళ్లీ నెమ్మదించి, చుట్టూ ఉన్న గాలి పీడనంతో సర్దుకోవాలి. సాధారణంగా అది మెల్లగా సర్దుకోదు. కాగితం కంటే ఎన్నో రెట్లు పలచని ఒక పొరలో, ఒక్క దెబ్బతో పీడనం పెరిగి, వేగం పడిపోతుంది. అదే షాక్. అక్కడ గాలి శక్తిలో కొంత వేడిగా మారి వృథా అవుతుంది, ఆ వృథాకు ఇంధనం ఖర్చు పెట్టాలి. షాక్ బలపడితే దాని అడుగున రెక్కను అంటుకుని పారే పలచటి గాలి పొర రెక్కను వదిలేస్తుంది, రెక్క అదరడం మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా పీ-38 విమానాలు నిటారుగా దూకినప్పుడు పైలట్ ఎంత లాగినా ముక్కు పైకి లేచేది కాదు. దాని మూలం రెక్క మీద పుట్టిన ఈ షాక్‌లోనే ఉంది.

రెక్క మీది షాక్ కంటికి కనబడదు. నీటిలో దాని తోబుట్టువు మాత్రం బాగా కనబడుతుంది. గద్వాల దగ్గర జూరాల ప్రాజెక్టు నుంచి కుడి ఎడమ కాలువలు పోతాయి, వాటి నుంచి పంట కాలువలు చీలుతాయి. అలాంటి కాలువలో షట్టర్‌ను జానెడు ఎత్తి నీళ్లు వదిలినప్పుడు గట్టు మీద నిలబడి చూడండి. షట్టర్ కింది నుంచి నీరు పలచగా, అద్దంలా నునుపుగా, రివ్వున దూసుకొస్తుంది. కొంత దూరం అలాగే పోయి, ఉన్నట్టుండి ఒక చోట లేచి, తెల్లగా నురగ కక్కుతూ లోతుగా మారి, అక్కణ్నుంచి నిదానంగా సాగుతుంది. ఆ తెల్లటి గట్టు నీటితోపాటు కొట్టుకుపోదు, ఒకే చోట నిలబడి సుడులు తిరుగుతుంటుంది. ఇంజినీర్లు దాన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు.

ఇప్పుడు ఒక కట్టె తీసుకుని నిదానంగా పారే నీటిలో, జంప్‌కు దిగువన, ముంచండి. దాని చుట్టూ పుట్టిన అలలు ఎగువకూ పాకుతాయి, ఎదురొచ్చే నీటికి కట్టె ఉనికి ముందే తెలుస్తుంది. అదే కట్టెను జంప్‌కు ఎగువన, పలచటి వేగపు నీటిలో పెట్టండి. ఒక్క అల కూడా ఎగువకు పోదు. కట్టె నుంచి రెండు గీతలు రెక్కలు విచ్చినట్టు వెనక్కి సాగుతాయి. కట్టె తగిలేదాకా నీటికి కట్టె ఉందనే తెలియదు.

లోతు తక్కువైన నీటిలో అల వేగం లోతును బట్టి ఉంటుంది. గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే వచ్చేదే ఆ వేగం. షట్టర్ కింద నీరు 10 సెంటీమీటర్ల లోతున సెకనుకు 3 మీటర్లు పోతోందనుకుందాం. అక్కడ అల వేగం సెకనుకు ఒక్క మీటరు లోపే. మూడు మీటర్ల ప్రవాహంలో ఒక్క మీటరు అల ఎగువకు ఎలా పోతుంది? కొట్టుకుపోవాల్సిందే. జంప్ దాటాక లోతు 38 సెంటీమీటర్లవుతుంది, ప్రవాహం 0.79 మీటర్లకు పడిపోతుంది, అల వేగం 1.93 మీటర్లకు చేరుతుంది. ఇప్పుడు అల ఎగువకు పోగలదు, పోతూ పోతూ జంప్ దగ్గర ఆగిపోతుంది. ఎగువకు పోయే కబురు అంతటితో ఆఖరు.

అల స్థానంలో ధ్వనిని పెట్టండి, రెక్క మీది కథ అంతా ఇదే. ధ్వని అంటే గాలిలో పీడనం కబురు మోసుకుపోయే అల. దీన్ని పోలిక అంటే సరిపోదు, పోలిక కంటే గట్టి బంధం ఇది. పలచటి నీటి ప్రవాహ సమీకరణాలు, ఒక ఊహాత్మక వాయువు ప్రవాహ సమీకరణాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఆ వాయువుకు విశిష్టోష్ణాల నిష్పత్తి 2 అనుకోవాలి, మన గాలికి అది 1.4. తేడా అంతే. 1930లలో జ్యూరిక్‌లో ప్రైస్‌వెర్క్ లాంటి పరిశోధకులు ఖరీదైన గాలి సొరంగాలకు బదులు బల్ల మీద పలచగా నీళ్లు పారించి వాయు ప్రవాహాన్ని చదివారు. కాలువ గట్టు మీద నిలబడిన మనం సూపర్‌సోనిక్ ప్రవాహాన్ని కళ్లారా చూస్తున్నట్టే.

ఇక లెక్క దగ్గరకు వద్దాం. రెక్క చుట్టూ ఉన్న గాలిని గళ్లుగా విడగొట్టి, ప్రతి గడి మూలలో వేగం, పీడనం ఎంతో కనుక్కోవాలి. సమీకరణంలోని వాలులను పక్క బిందువుల విలువల తేడాగా రాసుకుంటాం. ధ్వని కంటే నెమ్మదైన ప్రవాహంలో కబుర్లు అన్ని వైపుల నుంచీ వస్తాయి. కనుక ఒక బిందువు దగ్గర విలువ కట్టాలంటే ముందు, వెనక, పైన, కింద నాలుగు దిక్కులనూ సమానంగా అడగాలి. ధ్వనిని మించిన ప్రవాహంలో కబురు ఎగువ నుంచే వస్తుంది, దిగువన ఏం జరుగుతోందో ఆ బిందువుకు తెలిసే దారి లేదు. మొదటి రకాన్ని గణితంలో దీర్ఘవృత్తీయం అంటారు, రెండోదాన్ని అతిపరావలయ సమీకరణం అంటారు. రెండింటికీ విడివిడిగా మంచి పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. ట్రాన్సోనిక్‌లో ఒకే బొమ్మలో రెండూ ఉంటాయి. వాటి మధ్య సరిహద్దు ఎక్కడుందో లెక్క పూర్తయితే గానీ తెలియదు, ఆ సరిహద్దు తెలిస్తే గానీ లెక్క మొదలుపెట్టే వీల్లేదు.

గణితవేత్తలకు ఈ సమస్య కొత్తది కాదు. ఇటలీలో ట్రికోమి 1923లోనే ఇలాంటి మిశ్రమ సమీకరణాన్ని పట్టుకుని పనిచేశాడు. 1950లలో న్యూయార్క్‌లో క్యాథలీన్ మొరావెట్జ్ తేల్చిన విషయం ఇంజినీర్ల ఆశ మీద నీళ్లు చల్లింది. ఒకానొక మాక్ సంఖ్య దగ్గర షాక్ లేకుండా గాలి సాఫీగా పారే రెక్క ఆకారం ఉండవచ్చు గానీ, ఆ ఆకారాన్ని పిసరంత మార్చినా షాక్ వచ్చి తీరుతుందని ఆమె నిరూపించింది. అంటే షాక్ లేని రెక్క మీద ఆధారపడి విమానం కట్టలేం. షాక్ ఉంటుందని ఒప్పుకుని, దాన్ని బలహీనంగా ఉంచడమే చేయగలిగింది. ఎంత బలహీనంగా, ఎక్కడ అన్నది తెలియాలంటే దాన్ని లెక్కకట్టగలగాలి.

దారి చూపింది ఎర్ల్ మర్మన్, జూలియన్ కోల్. బోయింగ్ పరిశోధనశాలలో చేసిన వారి పని 1971 జనవరిలో అచ్చయింది. వాళ్ల ఆలోచన వింటే ఇంతేనా అనిపిస్తుంది. ప్రతి బిందువు దగ్గర ఆగి, సమీకరణంలోని ఒక గుణకం గుర్తు చూడు. అది ధనమైతే ప్రవాహం ధ్వని కంటే నెమ్మది, రెండు వైపులా అడుగు. రుణమైతే ధ్వనిని మించింది, ఎగువ బిందువులనే అడుగు. గళ్లన్నీ ఒకసారి చుట్టి వచ్చాక విలువలు మారతాయి, గుర్తులూ మారతాయి. మళ్లీ చుట్టు. కొన్ని వందల చుట్లకు సరిహద్దు తనంతట తానే తన చోటికి వచ్చి కుదురుకుంటుంది, షాక్ కూడా అది ఉండాల్సిన చోట మొలుస్తుంది. షాక్ ఎక్కడుందో ముందుగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆధునిక విమానశాస్త్రంలో ఇంత చిన్న ఆలోచన ఇంత పెద్ద తలుపు తెరిచిన సందర్భం ఇంకొకటి ఉందని నేననుకోను.

ఎగువను అడగడం ఎందుకంత ముఖ్యమో కాగితం, పెన్సిలుతో చూసుకోవచ్చు. వనపర్తిలో రాజావారి కోటలో 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్‌లో మొదటి ఏడాది చదివే పిల్లలు కూడా పది నిమిషాల్లో చేయగల లెక్క ఇది. వరసగా అయిదు బిందువులు తీసుకోండి, విలువలు 1, 1, 0, 0, 0. ఎడమన నీరు మీటరు ఎత్తుగా, కుడిన ఏమీ లేకుండా ఉందన్నమాట. ఈ మెట్టు ఒక్కో అడుగుకు అర గడి చొప్పున కుడికి జరుగుతోంది. ఎగువ అంటే ఎడమ. కొత్త విలువ కావాలంటే పాత విలువ నుంచి, దానికీ ఎడమ పొరుగుకూ ఉన్న తేడాలో (కుడి విలువలోంచి ఎడమ విలువ తీసేస్తే వచ్చేది) సగం తీసేయాలి. మొదటి అడుగుకు 1, 1, 0.5, 0, 0 వస్తుంది. రెండో అడుగుకు 1, 1, 0.75, 0.25, 0. మెట్టు కుడికి జరిగింది. అంచు కొంచెం అరిగింది, అయినా అబద్ధం ఏమీ లేదు.

ఇప్పుడు తప్పు వైపు అడుగుదాం. ఎడమ పొరుగు బదులు కుడి పొరుగును తీసుకుని అదే లెక్క చేయండి. మొదటి అడుగుకు 1, 1.5, 0, 0, 0. రెండో అడుగుకు 0.75, 2.25, 0, 0, 0. మూడోసారికి రెండో బిందువు 3.375 అవుతుంది. మెట్టు అంగుళం కదలలేదు, ఒక్క మీటరు నీరు మూడు మీటర్లు దాటి గుట్టలా లేచింది. ఇంకో పది అడుగులు వేస్తే విలువ 190 దాటుతుంది. కంప్యూటర్ ఎంత వేగమైనదైతే అంత త్వరగా ఈ అబద్ధం పెరుగుతుంది. కబురు ఎటు నుంచి వస్తోందో ఆ దిక్కు గళ్లు లెక్కలో లేకపోతే జవాబు నిలవదని కూరంట్, ఫ్రీడ్రిష్స్, లెవీ 1928లోనే చూపించారు. మర్మన్, కోల్ చేసిన లెక్క దీనికంటే ఎంతో క్లిష్టమైనది, దాని ప్రాణం మాత్రం ఇదే.

అంచు అరగడం కూడా చిన్న విషయం కాదు. షాక్ కాగితం కంటే పలచన అన్నాం కదా, లెక్కలో అది నాలుగైదు గళ్ల మేర పాకితే రెక్క మీద దాని బలం తక్కువగా కనిపిస్తుంది. అరగకుండా చేద్దామని ఎక్కువ బిందువులను కలుపుకుంటే అంచు పక్కన లేని అలలు పుడతాయి. సాదా సూత్రాలతో ఈ రెండూ ఒకేసారి తప్పించుకోలేమని సోవియట్ గణితవేత్త గొదునోవ్ 1959లో తేల్చాడు. 1979లో వాన్ లీర్ దీనికి విరుగుడు చూపాడు. ప్రవాహం సాఫీగా ఉన్న చోట ఖచ్చితమైన సూత్రం వాడాలి, నిటారు మెట్టు కనబడిన చోట మొరటు సూత్రానికి తగ్గాలి, ఈ నిర్ణయం గడి గడికీ లెక్కే చేసుకోవాలి. 1981లో ఫిలిప్ రో, అదే ఏడాది జేమ్సన్, ష్మిట్, టర్కెల్ ఇచ్చిన పద్ధతులు ఇవాళ్టికీ విమాన కంపెనీల సాఫ్ట్‌వేర్‌లలో నడుస్తున్నాయి.

ఇంకొక మెలిక ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కాలువకు తిరిగి వెళ్దాం. 10 సెంటీమీటర్ల లోతు, సెకనుకు 3 మీటర్లు. జంప్ తర్వాత లోతు ఎంతో కనుక్కోమని ఒక విద్యార్థికి ఇస్తే, శక్తి నిత్యత్వ సూత్రం వాడదామనిపించడం సహజం. అలా చేస్తే జవాబు 54 సెంటీమీటర్లు వస్తుంది. టేపుతో కొలిస్తే మాత్రం 38 దగ్గర ఉంటుంది. జంప్‌లో నీటి శక్తి నిలవదు, ఆ నురగలో, సుడుల్లో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువే వేడిగా మారిపోతుంది. నిలిచేవి నీటి పరిమాణం, ద్రవ్యవేగం. ఈ రెండూ నిలుస్తాయని రాసుకుంటే 38 సరిగ్గా వస్తుంది.

సాఫీగా పారే నీటిలో ఏ సూత్రం వాడినా ఒకే జవాబు. తేడా మెట్టు దగ్గరే బయటపడుతుంది. కంప్యూటర్ లెక్కలోనూ అంతే. ఒక గడి నుంచి బయటికి పోయిన గాలి, పక్క గడిలోకి వచ్చిన గాలి పైసాతో సహా సరిపోయేలా సూత్రం రాసుకోవాలి. అలా రాయకపోతే లెక్క చక్కగా కుదురుకుంటుంది, బొమ్మ అందంగా వస్తుంది, షాక్ మాత్రం తప్పు చోట నిలబడుతుంది. మర్మన్, కోల్ మొదటి పద్ధతిలో షాక్ దగ్గర ఈ లోపం ఉంది. 1974లో మర్మనే దాన్ని సరిదిద్దుతూ, ప్రవాహం ధ్వనికి పైనుంచి కిందికి దిగే బిందువుకు ప్రత్యేక సూత్రం ఇచ్చాడు. ఇలా లెక్కతప్పని పద్ధతి ఒక జవాబుకు చేరితే అది అసలు సమీకరణాల జవాబే అవుతుందని లాక్స్, వెండ్రాఫ్ 1960లోనే నిరూపించి ఉంచారు.

ఈ పద్ధతులన్నిటికీ కంప్యూటర్ శక్తి కావాలి, అక్కడే మన హైదరాబాద్ కథ మొదలవుతుంది. 1980లలో మన దేశం తేలికపాటి యుద్ధ విమానం పనీ, 1983లో మొదలైన క్షిపణుల కార్యక్రమమూ ఒకేసారి తలకెత్తుకుంది. బెంగళూరు జాతీయ వైమానిక ప్రయోగశాలలో 1967 నుంచి పెద్ద గాలి సొరంగం ఉంది. అయితే తొట్లలో నింపిన గాలిని ఒక్కసారిగా వదిలి చేసే అలాంటి పరీక్ష సెకన్లలో అయిపోతుంది, నమూనా మార్చిన ప్రతిసారీ మళ్లీ మొదటికి రావాలి. లెక్కతో ముందే వడగట్టి, మిగిలిన ఆకారాలనే సొరంగంలోకి పంపడం మేలు. క్రే సూపర్ కంప్యూటర్ కొనబోతే అమెరికా బెంగళూరు ఐఐఎస్సీకి అడిగిన యంత్రం ఇవ్వలేదు, వాతావరణ అంచనాలకు మాత్రం చిన్నది ఇచ్చింది.

ఆ రోజుల్లో డీఆర్‌డీవో హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో అనురాగ్ అనే ప్రయోగశాల పెట్టింది. అక్కడ తయారైన యంత్రం పేరు పేస్. విమాన గతిశాస్త్ర లెక్కల కోసమే దాన్ని తలపెట్టారు, ఆ ఉద్దేశం దాని పూర్తి పేరులోనే ఉంది. 1988లో మొదలైన ఈ పనిలో వాడినవి బజారులో దొరికే మోటరోలా ప్రాసెసర్లే. నాలుగైదు ప్రాసెసర్లతో ఆరంభించి, 128 దాకా కలిపి ఒకే లెక్క చేయించారు. తర్వాతి తరంలో స్పార్క్ ప్రాసెసర్లకు మారారు.

మామూలు చిప్‌లు కలిసి అంత పని ఎలా చేశాయో చెప్పాలంటే మళ్లీ కబుర్ల దగ్గరికే రావాలి. ప్రతి బిందువు తన పక్క బిందువులనే అడుగుతుంది, దూరాన ఉన్నవాటితో నేరుగా దానికి పని లేదు. కనుక రెక్క చుట్టూ ఉన్న గాలిని ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో ప్రాసెసర్‌కు ఇచ్చేయొచ్చు. ఒక్కో అడుగు తర్వాత సరిహద్దు వరస విలువలు మాత్రం ఇరుగు పొరుగు ప్రాసెసర్లు ఇచ్చిపుచ్చుకుంటే చాలు. ముక్క లోపలి లెక్క ఎక్కువ, అంచున పంపాల్సింది తక్కువ. ప్రవాహాల లెక్కకు సమాంతర కంప్యూటర్లు అంత బాగా నప్పడానికి కారణం ఇది. బెంగళూరు ప్రయోగశాలలో ఫ్లోసాల్వర్ అనే సమాంతర కంప్యూటర్ కూడా ఇదే దారిన 1986లో పుట్టింది.

ఇదే కాలంలో ఐఐఎస్సీలో ప్రొఫెసర్ సురేశ్ దేశ్‌పాండే ఎగువను అడగడమనే ఆలోచనను ఇంకా లోతుకు తీసుకుపోయాడు. గాలి అంటే అణువుల గుంపు. సగటు వేగం ఎంతైనా, కొన్ని అణువులు కుడికి పోతుంటాయి, కొన్ని ఎడమకు. కుడికి పోయేవి ఎడమ గడి నుంచే వచ్చి ఉండాలి, ఎడమకు పోయేవి కుడి గడి నుంచే. బోల్ట్‌జ్‌మన్ సిద్ధాంతంలోని ఈ సంగతిని పట్టుకుని గడి గోడ దాటే ప్రవాహాన్ని రెండుగా చీల్చాడు. ధ్వనికి పైనా కిందా అని విడిగా చూడనవసరం లేకుండా ఎగువ దిగువ వాటంతట అవే సర్దుకుంటాయి. ఈ ఆలోచన గళ్లు అసలు లేకుండా, చెల్లాచెదురు బిందువుల మీద చేసే లెక్కగానూ ఎదిగింది. విమానం నుంచి విడిపోతున్న ఆయుధం లాంటి చోట్ల ఆకారాలు ఒకదానికొకటి జరుగుతుంటే గళ్లు అల్లడం తలనొప్పి, బిందువులైతే అడ్డు రావు. హైదరాబాద్‌లోని క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఈ పద్ధతిని అలాంటి లెక్కలకు వాడుకుంది. ముందు చెప్పిన తేలికపాటి యుద్ధ విమానమే తేజస్. ఆ కార్యక్రమాన్ని నడిపించిన కోట హరినారాయణ 1943లో బరంపురంలో పుట్టిన తెలుగువాడు. ఆ విమానం 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది, 2003 ఆగస్టు 1న ధ్వనిని దాటింది. దాటాలంటే ముందు ట్రాన్సోనిక్ గుండానే పోవాలి.

గాలి కోసం పుట్టిన ఈ పద్ధతులు నీటికీ తిరిగి వచ్చాయి. గొదునోవ్, రో సూత్రాలు ఇవాళ డ్యాములు తెగితే నీరు ఎంతసేపట్లో ఎక్కడికి చేరుతుందో చెప్పే లెక్కల్లో నడుస్తున్నాయి. 10 మీటర్ల లోతు నీటికి అడ్డుగోడ ఒక్కసారిగా మాయమైతే, రాపిడి లేదనుకుంటే, పొడి నేల మీద ముందంచు సెకనుకు 20 మీటర్ల దాకా దూసుకుపోతుందని రిటర్ 1892లోనే లెక్కకట్టాడు. నిజమైన లోయలో రాపిడి, వంపులు, ఇళ్లు అన్నీ ఉంటాయి కనుక కంప్యూటర్ కావాలి. పొడి నేల మీద నీరు పాకే ఆ ముందంచు మహా చిక్కు పెడుతుంది. అక్కడ లోతు సున్నా, అల వేగం సున్నా, చిన్న పొరపాటుకు లోతు సున్నా కంటే తక్కువకు పోయి లెక్క కూలుతుంది. వాయువుల లెక్కలో శూన్యం దగ్గర వచ్చే ఇబ్బందే ఇది, మందు కూడా అక్కణ్నుంచే తెచ్చుకున్నారు. 2009 అక్టోబరు వరదల్లో డ్యాము తెగలేదు. తుంగభద్ర, కృష్ణ కలిసి పొంగితేనే రాజోలి, అలంపురం, కర్నూలు మునిగాయి, శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఈ జిల్లాల్లో నదిని లెక్కకట్టడం తెలిసినవాళ్ల అవసరం ఎంతో ఆ నీళ్లు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

1971లో పెద్ద యంత్రాలు అడిగిన లెక్క ఇవాళ మామూలు ల్యాప్‌టాప్ మీద నిమిషాల్లో అయిపోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో మొదలై ఉచితంగా దొరికే ఎస్‌యూ2 అనే సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకునేవాళ్లకు ఇచ్చే మొదటి ఉదాహరణే ట్రాన్సోనిక్ రెక్క. ఆకారం నాకా 0012, మాక్ 0.8, గాలికి 1.25 డిగ్రీల వాలు, స్నిగ్ధత (గాలి జిగట) లేదనుకోవాలి. గద్వాలలోనో నాగర్‌కర్నూలులోనో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి దీన్ని నడిపితే, రెక్క పైభాగాన వెడల్పులో 60 శాతం దాటాక గట్టి షాక్ కనబడుతుంది. కింది భాగాన 35 శాతం దగ్గర బలహీనమైనది ఇంకొకటి ఉంటుంది. నిరోధ గుణకం 0.022 పైచిలుకు వస్తుంది. స్నిగ్ధత లేని గాలిలో, షాక్ లేకపోతే, ఈ అంకె సున్నా కావాలి. వచ్చిన నిరోధమంతా ఆ రెండు షాక్‌లు తిన్న శక్తే. వాలును సున్నా చేసి మళ్లీ నడిపితే పైనా కిందా షాక్‌లు ఒకే చోటికి వస్తాయి. మాక్‌ను 0.7కు తగ్గిస్తే రెండూ మాయమై, నిరోధం సున్నా దగ్గరికి పోతుంది. పోకుండా మిగిలిన కాస్తా గళ్ల ముతకదనం వల్ల వచ్చిన తప్పు. గళ్లు నాలుగింతలు చేసి చూస్తే అది ఎంత తగ్గిందో తెలుస్తుంది.

స్నిగ్ధతను కలిపితే పని పెరుగుతుంది. ఇందుకు ప్రపంచమంతా వాడే గీటురాయి ఆర్‌ఏఈ 2822 అనే బ్రిటిష్ రెక్క ఆకారం, దాని మీద చేసిన కొలతలు 1979లో అచ్చయ్యాయి. అందులో తొమ్మిదో కేసులో సొరంగంలో రెక్కను 3.19 డిగ్రీలు వంచి కొలిచారు. అదే కోణం కంప్యూటర్‌కు ఇస్తే కొలతలు కుదరవు. సొరంగం గోడలు గాలిని కొంత మళ్లిస్తాయి కనుక 2.79 డిగ్రీలుగా సరిదిద్ది ఇస్తారు. కొలతలోనూ గోడల కబురు కలిసి ఉంటుందన్నమాట. ఆ సవరణ చేశాక కూడా షాక్ చోటు, వాడిన టర్బులెన్స్ నమూనాను బట్టి, రెక్క వెడల్పులో రెండు మూడు శాతం అటూ ఇటూ అవుతుంది. వాలు ఇంకా పెంచితే షాక్ ఒక చోట నిలవడమే మానేస్తుంది. ముందుకూ వెనక్కూ ఊగుతూ రెక్కను అదరగొడుతుంది, దాన్ని బఫెట్ అంటారు. ఆ ఊపు ఏ వాలు దగ్గర మొదలవుతుందో లెక్కతో నికరంగా చెప్పడం కోసం పరిశోధనశాలలు ఇప్పటికీ శ్రమిస్తున్నాయి. ప్రయాణికుల విమానం ఎంత వేగంతో, ఎంత బరువుతో, ఎంత ఎత్తున ఎగరవచ్చో చెప్పే హద్దుల్లో ఒకటి అక్కడే ఉంది.